ఓడ ప్రయాణంలో సొంత వైన్ సీసా, కార్కేజీ రుసుము: తెలిసినవారు వివరించగలరు

వసిష్ఠతీరం (పాలకొల్లు)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే డిసెంబరులో నేనూ మావారూ హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాము. గాల్వెస్టన్ రేవులో రాయల్ కరీబియన్ ఓడ ఎక్కి ఏడు రాత్రుల ప్రయాణం చేయడానికి అల్లుడుగారు నలుగురికీ టిక్కెట్లు తీసుకున్నారు. ఆ ప్రయాణంలోనే వారి పదో పెళ్లిరోజు వస్తుంది. మా ఇద్దరికీ మద్యం అలవాటు లేదు. అయితే అమ్మాయికీ అల్లుడుగారికీ రాత్రి భోజనంతో ఒక గ్లాసు వైన్ తీసుకోవడం ఇష్టమని తెలుసు కనుక, పెళ్లిరోజు విందుకు మంచి సీసా ఒకటి మా తరఫున ఇవ్వాలని మావారి ఆలోచన.

నాకు తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. ఓడలోకి సొంత సీసా తీసుకురానిస్తారా, రానిస్తే మనిషికి ఎన్ని? మేము తాగని వాళ్లం కదా, మా పేరు మీద కూడా సీసా అనుమతిస్తారా? మన సీసా మనం తెచ్చుకున్నా భోజనశాలలో కార్కేజీ అని రుసుము వేస్తారని అమ్మాయి చెప్పింది. అది దేనికి, ఎంత? చివరిగా మరొక సందేహం. మా గృహప్రవేశానికి మావారి స్నేహితులు ఒకరు బహూకరించిన నాసిక్ రెడ్ వైన్ సీసా ఒకటి ఆరేళ్లుగా మా బీరువాలో తెరవకుండా ఉంది. దానినే తీసుకెళ్లవచ్చా, లేక అక్కడే కొత్తది కొనడం మేలా?

గౌతమి ఒడ్డు (రాజమహేంద్రవరం)

అమ్మా, నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు జవాబు సంస్థను బట్టి మారుతుంది కనుక, మీరు ఎక్కబోయే ఓడ సంగతి ముందు చెప్పి, మిగతా వారికి పనికివస్తుందని ఇతర సంస్థల పద్ధతి తరువాత రాస్తాను.

రాయల్ కరీబియన్ వారు మద్యం సేవించే వయసు వచ్చిన ప్రతి ప్రయాణికునికీ 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ సీసా ఒకటి అనుమతిస్తారు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల్లో ఆ వయసు 21 ఏళ్లు. సీసా సీలు తీయనిదై ఉండాలి, ఓడ ఎక్కే మొదటి రోజునే తేవాలి, పోర్టర్లకు అప్పగించే సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. మీరు నలుగురూ పెద్దవారే కనుక లెక్క ప్రకారం నాలుగు సీసాల వరకు తీసుకువెళ్లవచ్చు. నిబంధన చూసేది వయసునే కానీ అలవాటును కాదు. మీరు తాగుతారా అని ఎవరూ అడగరు. అయితే ఎవరి సీసా వారి సంచిలోనే ఉండటం మంచిది. నాలుగూ అల్లుడుగారి సంచిలో పెడితే తనిఖీ దగ్గర అనవసరంగా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

క్యాబిన్‌లో తెరుచుకుంటే రుసుము లేదు. భోజనశాలకు తీసుకువెళ్లి వడ్డించమంటే సీసాకు 15 డాలర్ల కార్కేజీ వేస్తారు. కార్నివాల్ వారిది కూడా దాదాపు ఇదే పద్ధతి: 21 ఏళ్లు దాటిన మనిషికి ఒక సీసా, భోజనశాలలో 15 డాలర్లు. అట్టపెట్టెల్లో వచ్చే వైన్‌ను వారు ఒప్పుకోరు. ప్రిన్సెస్‌లో ఒక సీసా క్యాబిన్‌లో తాగితే ఉచితం, భోజనశాలలో 20 డాలర్లు. నార్వేజియన్ వారి దారి వేరు. వారు సీసాల సంఖ్యకు అంతగా అభ్యంతరం పెట్టరు కానీ, మీరు ఎక్కడ తాగినా 750 మిల్లీలీటర్ల సీసాకు 15, ఒకటిన్నర లీటరు సీసాకు 30 డాలర్లు ఓడ ఎక్కేటప్పుడే ఖాతాలో రాస్తారు. డిస్నీ ఓడల్లో పెద్దవారికి రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు అనుమతిస్తారు. అందులోనూ బ్రాందీ కలిపి ఘాటు పెంచిన పోర్ట్, షెర్రీ వంటి వైన్లు పనికిరావు, కార్కేజీ కూడా 25 డాలర్లకు పైమాటే. వైకింగ్ వారు మాత్రం సొంత వైన్‌కు ఏ రుసుమూ తీసుకోరు.

ఈ రుసుములు సంస్థలు తరచుగా మారుస్తుంటాయి కనుక, ప్రయాణానికి నెల ముందు మీ బుకింగ్‌తో వచ్చిన నిబంధనలను అల్లుడుగారి చేత ఒకసారి చదివించండి. అందులో ఉన్నదే చెల్లుతుంది.

కాలవగట్టు (భీమవరం)

పై సమాచారం సరైనదే. అయితే నాకు ఈ కార్కేజీ అన్నది మొదటి నుంచీ అన్యాయంగానే తోస్తున్నది. సీసాకు దుకాణంలో డబ్బు ఇచ్చాము, ఓడ టిక్కెట్టుకు డబ్బు ఇచ్చాము, ఆ టిక్కెట్టులోనే భోజనమూ వడ్డనా ఉన్నాయి. ఇంకా బిరడా తీసినందుకు 15 డాలర్లు, అంటే మన డబ్బులో వెయ్యి రూపాయలు దాటిన మొత్తం, ఎందుకు ఇవ్వాలి?

ఒక ఓడలో మా కుటుంబానికి ఎదురైన సంగతి చెబుతాను. ప్రయాణం మధ్యలో ఒక రేవులో దిగినప్పుడు అక్కడి దుకాణంలో వైన్ సీసాలు కొని, అదే రాత్రి భోజనంలో కార్కేజీ కట్టి తాగుదామని ఓడకు తెచ్చాము. మెట్ల దగ్గరే వాటిని తీసుకుని, రసీదు ఇచ్చి, ప్రయాణం ముగిసే ముందు రాత్రి తిరిగి ఇచ్చారు. రుసుము కట్టడానికి సిద్ధంగా ఉన్నా తాగనివ్వలేదంటే, ఇది సేవకు తీసుకునే రుసుము కాదు, వారి సరుకే కొనిపించే ఏర్పాటు అని అనుకోవలసి వస్తున్నది.

నల్లక్రీక్ (నరసాపురం)

భీమవరం అన్నయ్యగారూ, నేను కొన్నేళ్లు ఓడ భోజనశాలలో వైన్ వడ్డించే పని చేశాను కనుక, రెండో వైపు నుంచి కూడా చెప్పనివ్వండి.

సీసా బల్ల దగ్గరకు వచ్చాక జరిగే పని బిరడా తీయడంతో అయిపోదు. ఆ వైన్‌కు తగిన గ్లాసులు విడిగా తెచ్చి పెట్టాలి. తెల్ల వైన్ అయితే మంచు బకెట్టులో ఉంచి చల్లబరచాలి. పాత ఎర్ర వైన్ అయితే అడుగున చేరిన మడ్డి గ్లాసులోకి రాకుండా నెమ్మదిగా వేరే పాత్రలోకి వంచాలి. భోజనం సాగినంతసేపూ గ్లాసులు చూసుకుంటూ పోయాలి. సీసా ఆ రాత్రి పూర్తి కాకపోతే బిరడా తిరిగి బిగించి, మెడకు మీ క్యాబిన్ నంబరు చీటీ కట్టి, చల్లని గదిలో ఉంచి మరుసటి రాత్రి మీ బల్ల దగ్గరకే తెచ్చి ఇస్తాము. కార్కేజీ సీసాకు ఒక్కసారే. రెండో రాత్రి మళ్లీ అడగరు. పగిలే గ్లాసులు, వాటిని కడిగే యంత్రాలు, మనుషుల జీతాలు అన్నీ ఆ పదిహేను డాలర్లలో లెక్కే.

అయితే మీరన్న మాటలో నిజం లేకపోలేదు. ఓడ టిక్కెట్టు ధర తక్కువగా కనిపించడానికి కారణం, మద్యం, జూదశాల, రేవుల్లో విహారాలు వంటి వాటి మీద సంస్థలకు వచ్చే రాబడి. ఆ రాబడి తగ్గకుండా కాపాడుకోవడానికే సీసాల సంఖ్యకు పరిమితి, రేవుల్లో కొన్నవాటిని అట్టే పెట్టడం. మీరు రేవులో కొన్న సీసాల విషయంలో వారు పాటించింది ఆ నియమమే. మొదటి రోజు తెచ్చిన సీసాకూ మధ్యలో కొన్న సీసాకూ చాలా సంస్థలు వేరు వేరు నిబంధనలు పెడతాయి. కార్కేజీలో కొంత సేవకు వెల, కొంత పోయిన లాభానికి పరిహారం. ఈ రెండోది నచ్చనివారికి క్యాబిన్‌లో ఉచితంగా తాగే వీలు ఎలాగూ ఉంది.

పాలకొల్లు అమ్మగారికి ఒక చిన్న సలహా. పెళ్లిరోజు సీసాను విందుకు అరగంట ముందు చేత్తో పట్టుకుని భోజనశాలకు వెళ్లవద్దు. తెల్లదో షాంపేనో అయితే అది చల్లబడటానికే అరగంట పైన పడుతుంది. మధ్యాహ్నమే అల్లుడుగారు భోజనశాల ముఖ్య వడ్డనదారుకు ఇచ్చి, క్యాబిన్ నంబరూ, బల్ల నంబరూ, పెళ్లిరోజు సంగతీ చెబితే, మీరు కూర్చునే సరికి అంతా సిద్ధంగా ఉంటుంది.

లెక్కలపుస్తకం (తణుకు)

కార్కేజీ కట్టడం లాభమా నష్టమా అన్నది ఉద్రేకపడకుండా కాగితం మీద వేసి చూడవలసిన విషయమని నా అభిప్రాయం. ఉదాహరణకు, బయటి దుకాణంలో 18 డాలర్లకు దొరికే వైన్ అనుకుందాము. కార్కేజీ 15 కలిపితే 33. అదే స్థాయి వైన్ ఓడ జాబితాలో 45 డాలర్లు ఉంటే, దాని మీద 18 శాతం సర్వీసు చార్జీ తప్పనిసరిగా పడుతుంది కనుక 53 డాలర్ల 10 సెంట్లు అవుతుంది. అంటే కార్కేజీ కట్టినా 20 డాలర్లు మిగులుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. గ్లాసు ఆరు డాలర్ల 60 సెంట్లు పడినట్టు.

ఇప్పుడు లెక్కను రెండో వైపు నుంచి చూడండి. ఇంట్లో ఒక్కరే, అదీ రాత్రికి ఒక్క గ్లాసే తీసుకునేవారైతే, ఓడలో 12 డాలర్ల గ్లాసు సర్వీసు చార్జీతో 14 డాలర్ల 16 సెంట్లు. అంటే ఒక్క గ్లాసు వెల దాదాపు కార్కేజీ అంత. ప్రయాణం మొత్తంలో ఒకటి రెండు గ్లాసులకు మించి తాగనివారు సీసా మోసుకెళ్లడం దండగ. ఐదు గ్లాసులూ పూర్తిచేసేవారికే సొంత సీసా కలిసివస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది పానీయాల ప్యాకేజీ, అంటే గ్లాసు లెక్కన కాకుండా రోజుకు ఇంత అని కట్టి తాగే ఏర్పాటు సంగతి. ఒకే క్యాబిన్‌లో ఉన్న పెద్దవారిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే రెండోవారు కూడా కొనాలని చాలా సంస్థలు షరతు పెడతాయి. ప్యాకేజీ మనిషికి రోజుకు 60 డాలర్లు అనుకున్నా, ఏడు రోజులకు ఇద్దరికీ 840 డాలర్లు. మన ఇళ్లలో భర్త ఒక గ్లాసు తీసుకుంటే భార్య ముట్టకపోవడమూ, లేదా ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే తీసుకోవడమూ సాధారణం. అటువంటి జంటకు ఆ ప్యాకేజీ పచ్చి నష్టం. ఇద్దరి పేరునా రెండు సీసాలు తీసుకెళ్లి, రెంటికీ కార్కేజీ కట్టి భోజనశాలలోనే తాగినా 70 డాలర్లు దాటదు. కార్కేజీ అన్యాయమని అంటున్న భీమవరం గారు ఈ తేడాను కూడా ఒకసారి గమనించాలని కోరుతున్నాను.

కాలవగట్టు (భీమవరం)

లెక్క కాదనలేను. నా ఆక్షేపణ లెక్క గురించి కాదు, ముందుగా స్పష్టంగా చెప్పకపోవడం గురించి. టిక్కెట్టు అమ్మేటప్పుడు ఏజెంటు గానీ సంస్థ గానీ రేవులో కొన్న సీసాలు అట్టే పెడతారని ఒక్క ముక్క చెబితే ఎవరూ బాధపడరు. మనవాళ్లు చాలామంది మొదటిసారి ఓడ ఎక్కేవారే. పెద్దవాళ్లు ముచ్చటపడి కొన్న వస్తువును వరుసలో అందరి ఎదుటా సంచిలోంచి తీయిస్తే చిన్నతనంగా ఉంటుంది. ఆ మాట మాత్రం నేను గట్టిగానే అంటాను.

లంకతోట (అమలాపురం)

వసిష్ఠతీరం గారూ, మీ బీరువాలోని సీసా గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. మీ మనసు నొప్పించాలని కాదు కానీ, ఆ సీసాను ఓడకు తీసుకెళ్లవద్దని నా గట్టి సలహా.

వైన్ పాతబడేకొద్దీ మంచిదవుతుందన్న మాట అన్ని వైన్లకూ వర్తించదు. దుకాణాల్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగడానికి తయారుచేసినవే. నిలవ ఉండే జాతివి కూడా 12 నుంచి 15 డిగ్రీల స్థిరమైన చల్లదనంలో, వెలుతురు తగలకుండా, సీసా పడుకోబెట్టి ఉంచితేనే నిలుస్తాయి. పడుకోబెట్టడం ఎందుకంటే, వైన్ తగులుతూ ఉంటే బిరడా తడిగా ఉబ్బి గాలిని ఆపుతుంది. నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి కుంచించుకుపోయి, సందులోంచి గాలి లోపలికి పోతుంది. మన కోనసీమలో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలో ఇనప బీరువా లోపల వేడి ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఆరు వేసవులు అలా గడిపిన సీసాలో ఉన్నది ఇప్పుడు ఉడికిన పండ్ల రసంలానో, పులిసిన పుల్లనీరులానో ఉండే అవకాశమే ఎక్కువ.

అనుమానం తీరాలంటే ఒకసారి బయటకు తీసి దీపం ముందు పట్టుకుని చూడండి. బిరడా సీసా అంచుకన్నా పైకి లేచిందేమో, రేకు కింద జిగటగా మరక ఉందేమో, వైన్ మట్టం మెడ నుంచి భుజం దాకా దిగిందేమో చూడండి. అంచున రంగు ఎరుపు పోయి ఇటుకపొడి రంగులోకి తిరిగిందేమో కూడా గమనించండి. వీటిలో ఏ రెండు కనిపించినా దాని మీద ఆశ వదులుకోవచ్చు. సీసా మెలితిప్పే లోహపు మూతదైతే గాలి చొరబడే ప్రమాదం తక్కువ. అయినా వేడి దెబ్బ తప్పదు.

ఇక్కడే కార్కేజీకి సంబంధించిన మరో సంగతి ఉంది. ఓడ జాబితాలోంచి కొన్న వైన్ చెడిపోయి ఉంటే, రుచి చూసి చెప్పగానే మార్చి ఇస్తారు. మనం తెచ్చిన సీసా చెడితే మార్చేవారు ఎవరూ ఉండరు. పెళ్లిరోజు నాడు గ్లాసుల్లో పోసిన తరువాత అల్లుడుగారు మర్యాదకు మింగి ఊరుకోవలసి రావడం మీకూ బాగుండదు కదా. అందుచేత హ్యూస్టన్‌లోనే, వారికి నచ్చిన కొత్త సీసా కొనండి. ఓడ జాబితాలో సాధారణంగా ఉండే కాలిఫోర్నియా వైన్ కాకుండా, అక్కడ దొరకని రకం అయితే కట్టిన కార్కేజీకి అర్థం ఉంటుంది.

మన దేశపు వైన్‌నే ఇవ్వాలని మీ కోరిక అయితే హైదరాబాదులో కొత్తది కొని విమానంలో తీసుకెళ్లవచ్చు. 24 శాతానికి లోపు ఆల్కహాలు ఉన్న పానీయాలకు చెక్-ఇన్ సామానులో విమాన భద్రతా నియమాల రీత్యా పరిమాణం అడ్డు కాదు. వైన్‌లో ఉండేది 12 నుంచి 14 శాతమే. అమెరికా కస్టమ్స్ వారు 21 ఏళ్లు దాటిన మనిషికి ఒక లీటరు వరకు సుంకం లేకుండా అనుమతిస్తారు. సీసాను ముందు ప్లాస్టిక్ సంచిలో వేసి గట్టిగా కట్టి, తరువాత మందపాటి తువ్వాలు చుట్టి, సూట్‌కేసు నడుమ నాలుగు వైపులా బట్టలు వచ్చేలా పెట్టాలి. అమ్మాయి కోసం పట్టుకెళ్లే ఆత్రేయపురం పూతరేకులు మాత్రం ఆ పెట్టెలో పెట్టవద్దు. సీసా ఒక్కసారి కదిలితే డబ్బాలో పొడి తప్ప మిగలదు.

కొత్తప్రయాణం (రావులపాలెం)

అందరూ నిబంధనల గురించి రాస్తున్నారు. కొబ్బరినీళ్ల సీసాల్లో గానీ నోరు పుక్కిలించే మందు సీసాల్లో గానీ పోసి తీసుకెళ్తే ఎవరికీ తెలియదని, కార్కేజీ బాధే ఉండదని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

నల్లక్రీక్ (నరసాపురం)

తమ్ముడూ, ఆ పని చేయవద్దు. సామాను అంతా ఎక్స్‌రే యంత్రంలోంచి పోతుంది. ద్రవం ఉన్న సీసా కనిపిస్తే మూత తీసి వాసన చూస్తారు. మూత సీలు తిరిగి అతికించినది అయితే పట్టుకున్నవారికి రోజూ చూసే పనే కనుక వెంటనే తెలుస్తుంది. దొరికిన మద్యం పారబోస్తారు, లేదా అట్టే పెడతారు. అతిక్రమణ తీవ్రమైతే ఓడ నుంచి దింపే హక్కు కూడా టిక్కెట్టు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. చేతిలో పట్టుకుని, చూపించి, ఉచితంగా తీసుకుపోగల సీసా ఒకటి ఉండగా ఈ దొంగతనం దేనికి?

సూట్‌కేసులో పెట్టి పంపేవారికి కూడా ఇదే మాట. ఆ పెట్టె మీ క్యాబిన్ తలుపు దగ్గరకు రాదు. భద్రతా సిబ్బంది గదికి పిలిచి మీ ఎదుటే తెరిపిస్తారు. పసివాళ్ల బట్టలు, మందులు అందులోనే ఉంటే ఆ సాయంత్రం అంతా ఇబ్బందే.

నిర్వాహకులు

నిబంధనలను తప్పించుకునే ఉపాయాలపై చర్చను ఈ వేదికలో అనుమతించము. పై ప్రశ్నకు సమాధానం వచ్చింది కనుక దానిని అక్కడితో ముగించవలసిందిగా మనవి.

ఉప్పుటేరు (కాకినాడ)

గాల్వెస్టన్ దాకా వెళ్లలేని మాబోటి వారి కోసం దగ్గరి ఓడల సంగతి రాస్తాను. 2022 జూన్‌లో కార్డేలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖపట్నం వచ్చినప్పుడు మన జిల్లాల నుంచి చాలామంది ఎక్కారు. 2023లో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. కార్డేలియా వారు బయటి మద్యాన్ని అనుమతించరు. కార్కేజీ కడతామన్నా లాభం లేదు. కాబట్టి యానాంలో చవకగా కొన్న సీసాతో విశాఖ వెళ్లాలని ఎవరైనా అనుకుంటే ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ఓడ సంగతి అటుంచి, పుదుచ్చేరిలో అమ్మకానికి అని ముద్ర ఉన్న సీసా యానాం పొలిమేర దాటి మన రాష్ట్రంలోకి వస్తే ఎక్సైజు వారితో చిక్కు.

సింగపూరు నుంచి వెళ్లే రాయల్ కరీబియన్ ఓడల్లో మాత్రం మనిషికి ఒక సీసా పద్ధతి ఉంది. అక్కడ వయసు 18 ఏళ్లు. చాంగీ విమానాశ్రయంలో దిగాక సుంకం లేని దుకాణంలో కొని, సీలు విప్పకుండా మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌కు చేత్తో పట్టుకెళ్లవచ్చు. మన దేశానికి తిరిగి వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం ఉండదని మరువవద్దు.

పాపికొండల పడవల్లో కూడా ఇలా తీసుకెళ్లవచ్చా అని మా వీధిలో ఒకరు అడిగారు కనుక దాని గురించీ రాస్తున్నాను. అక్కడ మద్యం పూర్తిగా నిషిద్ధం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోర పడవ ప్రమాదం తరువాత మన గోదావరి మీద ఆ నియమాన్ని సడలించమని అడగడానికి కూడా మనసు రాకూడదు.

వసిష్ఠతీరం (పాలకొల్లు)

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. అమలాపురం గారు చెప్పినట్టు బీరువాలోని సీసా తీసి దీపం ముందు పట్టుకుని చూశాము. రేకు కింద నల్లటి మరక ఉంది, బిరడా కొంచెం పైకి లేచింది. మావారు ఆ సీసాను పక్కన పెట్టేశారు. హ్యూస్టన్‌లో అమ్మాయికి నచ్చిన షాంపేన్ ఒకటి, ఎర్ర వైన్ ఒకటి, మా ఇద్దరి పేరున కొనాలని నిర్ణయించాము. షాంపేన్ పెళ్లిరోజు విందుకు కార్కేజీ కట్టి భోజనశాలలోనే తెరిపిస్తాము. ఎర్ర వైన్ వాళ్లు క్యాబిన్ బాల్కనీలో తమ వీలు కొద్దీ తాగుతారు. అల్లుడుగారు తన వాటా, అమ్మాయి వాటా కూడా తెస్తానంటున్నారు కానీ, ఏడు రాత్రులకు రెండు సీసాలు చాలునని అమ్మాయే అంది.

ఇంకొక రెండు చిన్న సందేహాలు. క్యాబిన్‌లో బిరడా తీయడానికి సాధనం మేమే తీసుకెళ్లాలా? ఎర్ర వైన్ సీసా తెరవకుండా మిగిలిపోతే దిగేటప్పుడు గాల్వెస్టన్‌లో ఏమైనా కట్టాలా?

నల్లక్రీక్ (నరసాపురం)

అమ్మగారూ, బిరడా తీసే స్క్రూ మీరు తీసుకెళ్లనవసరం లేదు. క్యాబిన్ చూసుకునే స్టివార్డును అడిగితే స్క్రూ, రెండు వైన్ గ్లాసులు తెచ్చి ఇస్తారు. సొంతది కావాలనుకుంటే చిన్న కత్తి ఉన్న రకం వద్దు, తనిఖీలో తీసేసుకుంటారు. షాంపేన్‌కు స్క్రూ అక్కరలేదు. దానిని క్యాబిన్‌లో మాత్రం తెరవనివ్వకండి. చిన్న గదిలో బిరడా ఎగిరి అద్దానికో కంటికో తగిలితే ప్రమాదం. భోజనశాలలో మావాళ్లు గుడ్డ కప్పి, బిరడా పట్టుకుని సీసాను తిప్పి చప్పుడు లేకుండా తీస్తారు.

పెళ్లిరోజు బిల్లు మీద 15 డాలర్లు కార్కేజీగా విడిగా కనిపించాలి. సీసా వెల అని పొరపాటున మరో అంకె పడితే అక్కడికక్కడే చూపించి సరిచేయించుకోండి. ప్రయాణం చివరి ఉదయం కౌంటరు దగ్గర వరుస చాలా పొడవుగా ఉంటుంది.

గౌతమి ఒడ్డు (రాజమహేంద్రవరం)

మిగిలిన సీసా గురించి: గాల్వెస్టన్ టెర్మినల్‌లో కస్టమ్స్ తనిఖీ దాటాక టెక్సాస్ రాష్ట్ర మద్య నియంత్రణ శాఖ వారి బల్ల ఉంటుంది. బయటి నుంచి రాష్ట్రంలోకి తెచ్చే మద్యానికి వారు సీసా చొప్పున రాష్ట్రపు పన్నూ, చిన్న నిర్వహణ రుసుమూ తీసుకుంటారు. ఇది కేంద్ర కస్టమ్స్ వారి ఒక లీటరు మినహాయింపుతో సంబంధం లేని వేరే పన్ను. రేవుల్లో కొన్న సీసాలు ఉన్నవారు ఆ బల్ల దగ్గర ఆగి కట్టి వెళ్లాలి. మీది హ్యూస్టన్‌లోనే కొన్న సీసా కనుక దుకాణం రసీదు అల్లుడుగారి దగ్గర భద్రంగా ఉంచమనండి, అడిగితే చూపించవచ్చు. అంతకన్నా సులువైన మార్గం, చివరి రాత్రి భోజనంలో దానికీ కార్కేజీ కట్టి తెరిపించడం.